పోలిగాడు మింగిన పలకరింపులు

ఒకప్పుడు పసులపోలిగాడి తోక ఇప్పుడున్నట్టు ఉండేది కాదు.

పసులపోలిగాడంటే తెలుసుగా? గేదె వీపు మీద దర్జాగా కూర్చుని ఊరేగే నల్లపిట్ట. కాకికన్నా చిన్నది, కానీ ఆ కాకినే తరిమి తరిమి కొట్టేంత పొగరు దానికి. ఇవాళ దాని తోక చూడండి, కొసన రెండుగా చీలి ఉంటుంది. ఆ రోజుల్లో అలా కాదు. విప్పితే గుండ్రంగా తాటాకు విసనకర్రలా ఉండేది. పోలిగాడికి ఆ తోకంటే మహా మురిపెం. పొద్దున లేచి మొహం కడుక్కునే ముందు తోక దువ్వుకునేవాడు.

ఆ పోలిగాడు ఉండేది ఒక పెద్ద బీడులో. ఈ కొసనుంచి ఆ కొసకి నడవాలంటే ఒక పూట పట్టేది. పడమటి వైపు పల్లం, అక్కడ ఏపుగా పెరిగిన గడ్డిలో గేదెల మంద. తూర్పు వైపు మిట్ట, అక్కడ పొట్టిగడ్డిలో గొర్రెల మంద. గేదెలకి మిట్ట ఎక్కాలంటే ఆయాసం. గొర్రెలకి పల్లంలో దిగితే గిట్టలు నానిపోతాయని భయం. అందుకని ఎవరి చోట వాళ్లు మేసేవాళ్లు.

నడుమ ఒక కుంట ఉండేది. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల నీళ్లుండేది ఆ ఒక్క కుంటలోనే. కుంట గట్టు మీద ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు మీద పోలిగాడి గూడు. గూట్లో పెళ్లాం సింగారి, ఇంకా రెక్కలు రాని ముగ్గురు పిల్లలు.

గేదెల మందకి పెద్ద గంగులమ్మ. వయసు మీద పడి నడుం నొప్పి పట్టుకుంది గానీ, ఆవిడ ఒక మాటంటే మందంతా తల ఎత్తి వినేది. గొర్రెల మందకి పెద్ద కాటమయ్య అనే పొట్టేలు. మెలి తిరిగిన కొమ్ములు, ముక్కు మీద కోపం, లోపల మాత్రం వెన్న. ఒక ఏడు వానాకాలంలో వాగు పొంగితే కాటమయ్య కొట్టుకుపోబోయాడు. గంగులమ్మ నీళ్లలో అడ్డంగా నిలబడి, ఆయన్ని వీపుమీద ఎక్కించుకుని గట్టు చేర్చింది. ఆనాటినుంచి ఆయన ఆవిడని వదినా అనేవాడు. పోలిగాడు ఆవిడని పెద్దమ్మా అనీ, ఆయన్ని బాబాయ్ అనీ పిలిచేవాడు.

ఇక అసలు సంగతి. ప్రతి ఏడూ ఎండలు ముదిరే ముందు బీడులో కుంటపెద్దని ఎన్నుకునేవాళ్లు. కుంటలో ఎవరు ఎప్పుడు తాగాలి, ఎవరు ఎప్పుడు దిగాలి అన్నది ఆ పెద్ద చెప్పినట్టు జరగాలి. ఎన్నిక రోజున పోటీ చేసేవాళ్లు గట్టు మీద అటొకరు ఇటొకరు నిలబడతారు. బీడులో ఉన్న జీవాలన్నీ వచ్చి, తమకి నచ్చినవాళ్ల వెనక నిలబడతాయి. ఎవరి వెనక ఎక్కువమంది ఉంటే వాళ్లే పెద్ద. చేసింది నచ్చకపోతే వచ్చే ఏడు అటుపక్కకి మారి నిలబడొచ్చు. దానికి ఎవరూ ఎవరినీ ఏమీ అనేవాళ్లు కాదు.

ఎన్నికకి ముందు నెల రోజులపాటు మాటలు నడిచేవి. నేనైతే ఇలా చేస్తాను, నువ్వైతే ఎలా చేస్తావు అని. పల్లం నుంచి మిట్టకి అరిస్తే వినపడదు కదా. అందుకే ఆ మాటలు మోసే పని పోలిగాడి ఇంటివాళ్లది. తాతల నాటినుంచి వాళ్లదే.

పోలిగాడి నాన్న పోతూ పోతూ కొడుక్కి ఒకటే చెప్పాడు. "ఒరే, పలకరింపు ముందు, పని మాట తరవాత. రెండూ మొయ్యి. ఒకటి మోసి ఒకటి దారిలో పారెయ్యకు."

పోలిగాడు అప్పుడు బుద్ధిగానే తల ఊపాడు.

ఆ ఏడు గంగులమ్మా కాటమయ్యా ఇద్దరూ పోటీకి నిలబడ్డారు. మొదటిరోజే గంగులమ్మ పోలిగాణ్ని పిలిచి కబురు చెప్పింది.

"కాటమయ్యని అడిగానని చెప్పు నాయనా. మొన్న ముల్లు గుచ్చుకున్న కాలు ఎలా ఉందో కనుక్కో. ఇక కుంట సంగతంటావా, పొద్దున్నే వాళ్ల పిల్లలు తాగాకే మా వాళ్లు దిగుతారు. కానీ మధ్యాహ్నం మాత్రం మేం నీళ్లలో పడుకోవాల్సిందే. మా నల్లతోలు ఎండకి తాళదు. ఆ ఒక్కటి ఒప్పుకోమను."

పోలిగాడు బయల్దేరాడు. ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్నుంచి ఒక్క పురుగూ దొరకలేదు. గూట్లో ముగ్గురు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నారు. ఈ మాట అప్పజెప్పి తొందరగా మేత వెతుక్కోవాలని వాడి ఆరాటం. మిట్ట మీద వాలీ వాలకముందే గబగబా చెప్పేశాడు.

"బాబాయ్, మధ్యాహ్నం మేం నీళ్లలో పడుకోవాల్సిందే, ఒప్పుకోమను అంది పెద్దమ్మ."

కాటమయ్య చెవులు నిక్కించాడు. "అంతేనా?"

"అంతే."

"నా కాలి సంగతేమన్నా అడిగిందా?"

పోలిగాడు ఒక్క క్షణం తడబడ్డాడు. ఇప్పుడు అవునంటే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. అదొక పెద్ద కథ. "లేదు బాబాయ్," అనేశాడు.

కాటమయ్యకి కాలిలో దిగిన ముల్లుకన్నా ఈ మాట ఎక్కువ గుచ్చుకుంది. కాలెత్తి నేలకేసి ఒక్కటి తన్నాడు. పెద్దాయన తన్నేసరికి మందలో ఉన్న గొర్రెలన్నీ తన్నాయి. గడ్డిలో దాక్కున్న మిడతలన్నీ గుంపులు గుంపులుగా పైకి లేచాయి.

పోలిగాడు నోరు తెరిచాడు. వెతికే పనే లేదు, మిడతలు ఎదురొచ్చి నోట్లో పడుతున్నాయి. కడుపు నిండా తిన్నాడు. ముక్కున నాలుగు కరుచుకుని గూటికి ఎగిరాడు.

మర్నాడు కాటమయ్య జవాబు చెప్పాడు. కోపం ఉన్నా, పద్ధతి పద్ధతే. "వదినకి నడుం నొప్పి తగ్గిందేమో కనుక్కో. ఆవిడ అడక్కపోయినా నేను అడుగుతాను. మాకు మధ్యాహ్నం తాగడానికి తేటనీళ్లు కావాలి. మీరు పడుకుని లేస్తే బురద తప్ప ఏం మిగలదు. దానికేం చేస్తావో చెప్పమను."

పోలిగాడు దారిలో ఆలోచించాడు. నడుం నొప్పి గురించి చెబితే ఎవరు కాలు తన్నుతారు? ఎవరూ తన్నరు. బురద గురించి చెబితే?

పల్లంలో వాలి, "మీరు పడుకుని లేస్తే బురద తప్ప ఏం మిగలదంట," అన్నాడు. అంతవరకే అన్నాడు.

చూడండి, వాడు అబద్ధం ఆడలేదు. కాటమయ్య అన్న మాటే అది. ముందున్నదీ వెనకున్నదీ మింగేశాడు, అంతే. కానీ ఆ సగం మాటకే గేదెలన్నీ నేలని తన్నాయి. గేదె కాలు గొర్రె కాలికన్నా ఎంత పెద్దదో మీకు తెలుసుగా. ఆ రోజు లేచిన మిడతలు అన్నీ ఇన్నీ కావు.

అలా మొదలైంది. పది రోజులయ్యేసరికి పోలిగాడు రాజైపోయాడు. వాడు వస్తున్నాడంటే చాలు, మేసేవాళ్లు మేత మానేసి, గోరింకలు కాయలు వదిలేసి, ఉడతలు కొమ్మలు దిగి వచ్చి చుట్టూ మూగేవాళ్లు. "ఇవాళ ఏం తెచ్చాడో, ఇవాళ అవతలివాళ్లు ఏమన్నారో" అని ఒకటే గుసగుసలు. పోలిగాడు తోక గుండ్రంగా విప్పి, ఒకసారి అటూ ఇటూ చూసి, అప్పుడు నోరు విప్పేవాడు.

పాపం, ఒకరోజు మాత్రం నాన్న గుర్తొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. "కాటమయ్య బాబాయ్ అందరినీ అడిగానన్నాడు. తాగడానికి ఒక పక్క, పడుకోడానికి ఒక పక్క కుంటని పంచుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమన్నాడు." ఒక దూడ ఆవులించింది. రెండు గేదెలు ఎప్పుడు వెళ్లిపోయాయో తెలియకుండా వెళ్లి మేతలో పడ్డాయి. ఒక్క కాలు కూడా లేవలేదు. ఒక్క మిడత కూడా ఎగరలేదు. ఆ పూట పిల్లలు పస్తున్నారు.

మర్నాడు పోలిగాడు సగం మాటలతో ఆగలేదు. సొంతంగా కలపడం మొదలుపెట్టాడు. గేదెల దగ్గరికి పోయి, "మిమ్మల్ని బురదమూక అంటున్నారు," అన్నాడు. గొర్రెల దగ్గరికి పోయి, "మిమ్మల్ని బొచ్చుమూక అంటున్నారు," అన్నాడు. ఆ పేర్లు రెండూ వాడు తుమ్మకొమ్మ మీద కూర్చుని తీరిగ్గా అల్లినవే. నాలుగు రోజులు పోయాక వాడు చెప్పాల్సిన పనే లేకపోయింది. వాళ్లే ఒకళ్లనొకళ్లు అలా పిలుచుకోవడం మొదలుపెట్టారు.

సింగారికి ఇది నచ్చలేదు. ఒక సాయంత్రం, పిల్లలకి మిడత కాళ్లు తుంచి పెడుతూ అడిగింది. "ఇన్ని మిడతలు ఎక్కడివయ్యా?"

"జనానికి కోపమొస్తే లేస్తాయే."

"మరి కోపం తగ్గితే?"

"ఇంకో మాట మోసుకెళ్తాను."

సింగారి పని ఆపి మొగుడి వంక చూసింది. "మీ నాన్న పూటకి రెండు మిడతలు తెచ్చేవాడు. ఆ రెంటితోనే నిన్ను పెంచాడు. మన చెట్టు కింద దూడలూ గొర్రెపిల్లలూ కలిసి ఆడుకునేవి. ఇప్పుడు తల్లులు లాక్కుపోతున్నారు. చూస్తున్నావా?"

"నేనేమన్నా కొట్టుకోమన్నానా?" అన్నాడు పోలిగాడు. అని, తోక దువ్వుకోవడంలో పడ్డాడు.

ఎన్నికకి ఇంకా రెండు రోజులుందనగా ఒక గొర్రెపిల్ల కుంట అంచున కాలు జారి బురదలో కూరుకుపోయింది. పక్కనే నాలుగు గేదెలు ఉన్నాయి. గంగులమ్మ లేదు అక్కడ, ఉంటే వేరుగా ఉండేది. ఆ నాలుగూ చూసి కూడా మొహం తిప్పుకున్నాయి. "మనకెందుకు, రేపు మళ్లీ మనమే తోశామంటారు," అంది ఒకటి. గొర్రెపిల్ల మునుగుతూ తేలుతూ అరుస్తుంటే, సింగారి గూడు వదిలి మిట్టదాకా ఎగిరి తల్లిని పిలుచుకొచ్చింది. ఆ తల్లి మెడ పట్టి లాగితే ఎలాగో గట్టున పడింది.

పోలిగాడు కొమ్మమీదనుంచి ఇదంతా చూశాడు. ఈసారి ఉన్నదున్నట్టే చెప్పాలనుకుని మిట్టకి ఎగిరాడు. చేరేసరికి అక్కడ అప్పటికే వేరే మాట తిరుగుతోంది. గేదెలు పిల్లని నీళ్లలోకి తోసేశాయట.

"తొయ్యలేదు, అదే జారింది. నేను చూశాను," అన్నాడు పోలిగాడు.

గొర్రెలు వాణ్ని పైనుంచి కిందిదాకా చూశాయి. "అటువైపు ఎప్పుడు చేరావురా నువ్వు?" అంది ఒక ముసలిగొర్రె. మిగతావి నవ్వాయి. ఆ నవ్వు పోలిగాడికి మంచిగా అనిపించలేదు. మళ్లీ నోరు విప్పాడు గానీ ఎవరూ వినలేదు.

ఎన్నిక రోజు వచ్చింది. పొద్దెక్కుతోంది. కుంటలో నీళ్లు నడుమకి చేరి ఒక చాపంత మిగిలాయి. పడమటినుంచి గేదెలు వచ్చాయి, తూర్పునుంచి గొర్రెలు వచ్చాయి. ఎవరి వెనకా ఎవరూ నిలబడలేదు. ఎదురెదురుగా నిలబడ్డారు. తలలు కిందికి వంచారు. వాళ్ల నడుమ ఉన్నది తుమ్మచెట్టు ఒక్కటే.

కాటమయ్య ఇరవై అడుగులు వెనక్కి వేశాడు. గంగులమ్మ కొమ్ములు ముందుకి చాచింది. ఆ కొమ్ములూ ఈ కొమ్ములూ కలిస్తే ఆ దెబ్బ చెట్టు మొదలుకి తగలక మానదు. తగిలితే గూడు ఆగదు. గూట్లోంచి ముగ్గురు పిల్లలు మెడలు చాచి, మేత వస్తుందేమోనని కిందికి చూస్తున్నారు.

"ఏమయ్యా," అంది సింగారి. రెక్కలు చాచి పిల్లల మీద పడుకుంది.

పోలిగాడు కిందికి దూకాడు. "ఆగండి, బురదమూకన్నది నేను. బొచ్చుమూకన్నది నేను. నేనే అల్లాను," అని అరిచాడు. వాడు అవతలివాళ్ల తిట్లేవో మోసుకొచ్చాడనుకున్నారు అటువైపువాళ్లు. ఇటువైపువాళ్లూ అదే అనుకున్నారు. నెల రోజులుగా వాడి గొంతు వింటే కాళ్లు తన్నడం అలవాటైపోయింది కదా. ఇప్పుడూ తన్నారు. మిడతలు లేచాయి. పోలిగాడు ఒక్కదాన్ని కూడా చూడలేదు.

కాటమయ్య పరుగందుకున్నాడు. గంగులమ్మ కదిలింది. పోలిగాడు ఇంకేం చెయ్యాలో తోచక రెండు తలల నడుమ పోయి పడ్డాడు.

కొమ్మూ కొమ్మూ టకీమని తగిలాయి. పోలిగాడి ఒళ్లు తప్పించుకుంది గానీ తోక మాత్రం ఆ కొమ్ముల నడుమ చిక్కింది. ప్రాణభయంతో వాడు ఒక్క లాగు లాగాడు. నడిమి ఈకలు సగానికి సగం తెగి గాలిలో ఎగిరాయి. వాడు పోయి బురదలో పడ్డాడు.

గంగులమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేసింది, దించితే కింద పోలిగాడు ఉన్నాడు. కాటమయ్య వంగి వాణ్ని వాసన చూశాడు. ఎంతైనా వాడు పుట్టినప్పటినుంచి తాము చూస్తున్న పిట్ట. వెనక మందలు మాత్రం ఆగలేదు. "మీ పొట్టేలే చేసింది," అని ఇటునుంచి, "మీ గేదే తొక్కింది," అని అటునుంచి మొదలైంది.

పోలిగాడు బురదలోంచి తల ఎత్తాడు. మాట్లాడబోయాడు.

"నీ మాట ఇక వద్దురా," అన్నాడు కాటమయ్య నీరసంగా. "విని విని అలిసిపోయాం."

నిజమే మరి. వాడి మాట ఎవరు నమ్ముతారు? పోలిగాడికీ అది తెలిసింది. కళ్లు మూసుకున్నాడు. కబుర్లు మోసే ఇంట్లో పుట్టినవాడికి విన్న మాట మరిచిపోవడం ఉండదు. మింగిన మాటలన్నీ ఎక్కడికీ పోలేదు, గొంతులోనే ఉన్నాయి. వాడు నోరు తెరిచాడు. అందులోంచి పోలిగాడి కీచుగొంతు రాలేదు. కాటమయ్య బొంగురుగొంతు వచ్చింది.

"వదినకి నడుం నొప్పి తగ్గిందేమో కనుక్కో. ఆవిడ అడక్కపోయినా నేను అడుగుతాను."

గట్టు మీద అలికిడి ఆగిపోయింది. గంగులమ్మ కాటమయ్య వంక తిరిగింది. "ఈ మాట నువ్వన్నావా?"

"అన్నాను. మిట్ట మీది రేగుచెట్టు కింద నిలబడి మొదట్లోనే అన్నాను. నీకు చేరలేదా?"

"లేదు."

పోలిగాడు మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి గంగులమ్మ గొంతు. "మొన్న ముల్లు గుచ్చుకున్న కాలు ఎలా ఉందో కనుక్కో."

కాటమయ్య తన కాలి వంక చూసుకున్నాడు. ఆ కాలు ఇంకా మానలేదు, ఇంకా కుంటుతూనే ఉన్నాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

పోలిగాడు ఒక్కొక్కటే కక్కాడు. "దూడకి జలుబు చేసిందటగా, తులసాకు తినిపించమను." "మిట్ట మీద గడ్డి ఎండిపోయుంటే మొహమాటపడొద్దను, పల్లం అంచున మెయ్యమను." "మనం కుంట కోసం పోటీపడుతున్నాం గానీ వాగు నాటి సంగతి నేను మరిచిపోలేదని చెప్పు." ఒకటి ఈ గొంతులో, ఒకటి ఆ గొంతులో. మందల్లో ఉన్నవాళ్లు అడుగు అడుగు ముందుకొచ్చి విన్నారు. రోజులు గడిచేకొద్దీ పలకరింపులు పొట్టివవుతూ వచ్చాయి. ఆఖరివారానివి చెబుదామంటే లేవు. ఆ వారం ఇద్దరూ అడగడం మానేశారు.

ఒక్కటి మాత్రం మిగిలింది. మొన్న గంగులమ్మ చెప్పింది. అప్పుడు పోలిగాడు సరిగ్గా వినను కూడా వినలేదు, పలకరింపు లాంటిదేలే అనుకుని అలవాటుగా మింగేశాడు. ఇప్పుడు అదే వాడి నోట్లోంచి, ఆవిడ గొంతులోనే వచ్చింది.

"ఎన్నిక రోజు గొడవంటూ అయితే ఆ తుమ్మచెట్టుకి మాత్రం దూరంగా ఉందామను. పైన పోలిగాడి పిల్లలున్నారు. వాళ్లకింకా ఎగరడం రాదు."

ఆ మాట బయటికొచ్చాకే పోలిగాడు దాన్ని మొదటిసారి విన్నాడు. తల ఎత్తి చెట్టు వంక చూశాడు. సింగారి రెక్కల కింద మూడు నోళ్లు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. వాడికి ఏడుపు ఆగలేదు.

"ఎందుకు చేశావురా?" అంది గంగులమ్మ. కోపంగా అడగలేదు. అందుకే వాడికి ఇంకా కష్టంగా ఉంది.

"మొదట పిల్లల ఆకలి పెద్దమ్మా. మీరు కాళ్లు తన్నితే మిడతలు లేచేవి. తరవాత నేనే రుచి మరిగాను. అందరూ నా చుట్టూ మూగుతుంటే బాగుండేది."

కాటమయ్య ఫుర్రుమని ముక్కులోంచి గాలి వదిలాడు. "వెర్రివాడా, మిడతలు లేవాలంటే మాకు కోపమే రావాలా? మేం గడ్డిలో మామూలుగా నడిచినా లేస్తాయి కదరా. నాలుగు తక్కువ లేస్తాయి, అంతే. మా వీపెక్కి కూర్చోవచ్చుగా."

పోలిగాడికి అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు.

"వాడొక్కణ్ని అని ఏం లాభం," అంది గంగులమ్మ నెమ్మదిగా. "మనం మాత్రం? ఉన్నదున్నట్టు చెప్పిన రోజున మనవాళ్లు ఆవులించారు. నీ నోట ఆ మాట వచ్చిందా అని నేను ఒక్కరోజైనా అడిగి పంపానా? నువ్వు పంపావా?"

"లేదు వదినా," అన్నాడు కాటమయ్య.

ఎన్నిక ఆ పొద్దునే జరిగింది. దెబ్బలాట పోయింది గానీ తగువు ఎక్కడికి పోతుంది? గేదెలకి మధ్యాహ్నం పడక కావాలి, గొర్రెలకి మధ్యాహ్నం తేటనీళ్లు కావాలి. ఇద్దరూ గట్టున నిలబడి గట్టిగానే వాదించుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా వాదించుకున్నారు. ఒక్క పద్ధతి మాత్రం పెట్టుకున్నారు. ఎవరన్నా జవాబు చెప్పేముందు అవతలివాళ్ల మాటని పోలిగాడు వాళ్ల గొంతులోనే, పలకరింపుతో సహా, పూర్తిగా వినిపించాలి. "అవును, నేనన్నది ఇదే," అని వాళ్లు ఒప్పుకున్నాకే జవాబు. దీనివల్ల చాలా ఆలస్యమైంది. ఒకరిద్దరు కునికారు కూడా. అయినా కాళ్లు లేవలేదు.

ఆఖరికి కాటమయ్య వెనక ఐదుగురు ఎక్కువ నిలబడ్డారు. ఆయనే కుంటపెద్ద.

"వదినా, మీవాళ్లు మధ్యాహ్నం పడమటి మూలన పడుకోండి. తూర్పు పక్క మేం తాగుతాం," అన్నాడు కాటమయ్య.

"పడమటి మూల అంతా రాళ్లు. నా నడుం ఉంటుందా?" అంది గంగులమ్మ. "వచ్చే ఏడు నేను గెలుస్తాను, అప్పుడు చెప్తా నీ పని."

"గెలువు. అందాకా పడమటి మూలలో రాళ్లు మా పిల్లలు ఏరిపెడతారు."

ఆ మాటని పోలిగాడు కాటమయ్య గొంతులో ఇంకోసారి చెబితే గంగులమ్మ నవ్వేసింది. గొర్రెపిల్లలూ దూడలూ అప్పటికే చెట్టు కింద చేరి, తెగిపడిన నల్ల ఈకలతో ఆడుకుంటున్నాయి.

సాయంత్రం సింగారి మొగుడి తోకకి అంటిన బురద ముక్కుతో తుడిచింది. నడుమంతా ఖాళీ. "మళ్లీ వస్తాయిలే," అంది.

పాత ఈకలు రాలాయి, కొత్తవి వచ్చాయి. కొసలు పొడుగ్గానే వచ్చాయి గానీ నడుమ మాత్రం పొట్టిగానే ఆగిపోయాయి. మరో ఏడూ అంతే, ఆ మరో ఏడూ అంతే. పోలిగాడి పిల్లలకి తోకలు వచ్చినప్పుడు అవి కూడా అలాగే వచ్చాయి. పోలిగాడు ఆ తోకని చూసుకుని దిగులుపడలేదు. ఒక కొస పల్లానిది, ఒక కొస మిట్టది అని పిల్లలకి చెప్పేవాడు.

అప్పటినుంచే పసులపోలిగాడి తోక రెండుగా చీలి ఉంటుంది. అప్పటినుంచే అది ఒక పూట గేదె వీపు మీద, ఒక పూట గొర్రె వీపు మీద కూర్చుని, అవి నడిస్తే లేచిన నాలుగు మిడతలతోనే సరిపెట్టుకుంటుంది. అప్పటినుంచే దానికి ఎవరి గొంతైనా వస్తుంది. రోజూ తెల్లవారుతుండగా, మిగతా పిట్టలు లేవకముందే లేచి అది అరుస్తుంది చూడండి, అది కొత్త కబురేమీ కాదు. కాలు నొప్పి తగ్గిందా, నడుం నొప్పి తగ్గిందా అని, ముందు పలకరింపులు అప్పజెబుతోంది.